కొసాక్కు గుండుకు రంగు

భాగ్యక్క వినాయకుడికి కళ్లు పెడుతుంటే చూసి కృష్ణారావు గారు కారు ఆపారు.

ఇబ్రహీంపట్నం రాకముందే సాగర్ రోడ్డు పక్కన రేకుల షెడ్లు వరసగా ఉంటాయి. వానాకాలంలో వాటినిండా విగ్రహాలే. తొండాలకీ పొట్టలకీ రంగు కొట్టేది స్ప్రే గన్. కళ్లు మాత్రం చేత్తో పెట్టాలి. ఆ ఏడాది ఆ షెడ్డులో రెండు వందల విగ్రహాలకు కళ్లు పెట్టింది భాగ్యక్క ఒక్కతే. నిచ్చెన మీద నిలబడి ఒక్కో కంటికి రెండు గీతలు, ఒక చుక్క. అపార్టుమెంటు కోసం విగ్రహం కొనడానికి వచ్చిన పెద్దమనిషి, వచ్చిన పని మరిచిపోయి ఐదు విగ్రహాలు అయ్యేదాకా కిందే నిలబడి చూశారట.

"అమ్మా, నీ ఫోన్ నెంబరు ఇస్తావా?" అని అడిగారు చివరికి.

"ఎందుకు సార్?" అంది ఆమె, నిచ్చెన దిగకుండానే.

"నా దగ్గర చిన్న బొమ్మలున్నాయి. అరచేతిలో పట్టేంతవి. వాటికి కళ్లు పెట్టేవాళ్లు దొరకడం లేదు."

"దేవుండ్లా?"

"కాదమ్మా, సైనికులు."

ముసలాయనకు పొద్దుపోక అడుగుతున్నాడనుకుంది భాగ్యక్క. నెంబరు చెప్పి, ఆయన ఇచ్చిన మిస్డ్ కాల్ మోగగానే ఆరో విగ్రహం వైపు తిరిగింది.

ఆమెది మంచాల దగ్గర చిన్న పల్లె. పెళ్లయి ఇబ్రహీంపట్నం వచ్చింది. ఇప్పుడు ముప్పై ఆరేళ్లు. మా ఇల్లూ వాళ్ల ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆమె గోళ్ల సందుల్లో ఏదో ఒక రంగు ఉండేది. షెడ్డులో మొదట నీళ్లు మోసింది, తర్వాత తెల్ల పూత పూసింది, తర్వాత స్ప్రే గన్ పట్టింది, చివరికి కళ్లదాకా వచ్చింది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. నిచ్చెన కింద నిలబడి, పైన ఉన్నవాళ్ల చేతులు చూసి నేర్చుకుంది.

పన్నెండు వానాకాలాలు ఆ రంగు పొగలో ముక్కుకు చున్నీ కట్టుకొని పని చేసింది. మాస్కులు ఇవ్వాలని షెడ్డు యజమానికి తోచలేదు. అడగాలని వీళ్లకూ తోచలేదు. విగ్రహం పొట్టకు పట్టిన రంగు నిమజ్జనం నాడు నీళ్లలో కరిగిపోతుంది. మనిషి ఊపిరితిత్తులకు పట్టిన రంగుకు నిమజ్జనం లేదు. ఆ ఏడాది పండగ అయిన వారానికి మొదలైన దగ్గు దసరా దాటినా ఆగలేదు. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, స్ప్రే గన్ ఉన్న చోట ఇక అడుగు పెట్టొద్దని చెప్పింది.

"పక్కన నిలవడితే?" అని అడిగింది భాగ్యక్క.

"పక్కన కూడా."

ఆమె భర్త హన్మంత్ బావ స్కూలు వ్యాను నడుపుతాడు. మంచివాడే, కాకపోతే ఏ సమస్యకైనా సాయంత్రంలోపల పరిష్కారం దొరకాలంటాడు. కొంగరకలాన్‌లో కొత్తగా లేచిన ఆఫీసుల్లో ఊడ్చి తుడిచే పనికి మనుషులను పెట్టే కాంట్రాక్టరుతో మాట్లాడి వచ్చాడు. జనవరి ఒకటి నుంచి పని.

"ఏసీల పని. దుమ్ము లేదు, ధూళి లేదు" అన్నాడు.

"దుమ్మే లేకుంటే ఊడ్వనీకి నన్నెందుకు పిలుస్తుండ్రు?"

"మాటలకేం తక్వ లేదు. రంగు ముట్టొద్దన్నది డాక్టరమ్మ, నేను గాదు."

"డాక్టరమ్మ గన్ను ముట్టొద్దన్నది. బ్రష్షు ముట్టొద్దనలే."

ఆ చిన్న తేడాను పట్టుకొనే ఆమె తర్వాతి రెండు నెలలు నిలబడింది. ఊడ్చే పని తక్కువదని ఆమె అనుకోలేదు. పన్నెండేళ్లు పెట్టి నేర్చుకున్న చేయి ఒకటుంది. అది చీపురు పట్టిన రోజు నుంచి ఆ పని మరిచిపోతుంది. అంతే ఆమె భయం. కృష్ణారావు గారికి తనే ఫోన్ చేసింది.

ఆయన మరుసటి ఆదివారమే వచ్చారు. భీమవరం వైపు మనిషి. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరై తుర్కయంజాల్‌లో ఇల్లు కట్టుకున్నారు. దూదిలో చుట్టిన బొమ్మను అట్టపెట్టె లోంచి తీసి గడప మీద పెట్టారు. బూడిద రంగు రెజిన్, గట్టి ప్లాస్టిక్ లాంటిది. ఛాతీ నుంచి పైకి ఉన్న మనిషి, బెత్తెడు ఎత్తు. గడ్డం దాకా వేలాడే మీసాలు, ఒక చెవికి పోగు, మెడ చుట్టూ గొర్రె ఉన్ని పట్టీ కుట్టిన కోటు. నున్నగా గీసిన తల. నడినెత్తిన మాత్రం ఒక పొడుగాటి జుట్టు పాయ, చెవి వెనక్కి పడి ఉంది. కణతి పైన కత్తి గాటు.

హన్మంత్ బావ వంగి చూశాడు. "ఏ గుడి పంతులు ఈన? పిలక ఉన్నది, జంధ్యం లేదు."

"మీసాలు సూడు. పంతులైతే గిట్ల పెంచుతడా?" అంది భాగ్యక్క.

"పోలీసోడైతే పిలక పెంచుతడా మరి?"

కృష్ణారావు గారు నవ్వి, ఇతను కొసాక్కు అని చెప్పారు. తర్వాత అసలు సంగతికి వచ్చారు. నగరంలో ఇలాంటి బొమ్మలు కూడబెట్టేవాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారట. డిసెంబరు చివరి ఆదివారం ఒక హాలులో అందరూ తమ బొమ్మలను బల్లల మీద పెట్టుకుంటారు. అందరి బీరువాల్లోనూ రంగు వేయని బొమ్మలు పడి ఉన్నాయి. "ఇది బాగా వస్తే నీకు ఏడాది పొడుగునా ఇంటి దగ్గరే పని ఉంటుందమ్మా. రాకపోతే నేనేం చెప్పలేను. ఇంకో సంగతి, ఇలాంటిది మళ్లీ దొరకదు. చేసిన శిల్పి పోయాడు. అచ్చు కూడా మిగల్లేదు."

ఆయన రంగు సీసాలు, రెండు సన్న బ్రష్షులు, ఇంగ్లిషులో అచ్చు వేసిన నాలుగు కాగితాలు ఇచ్చి వెళ్లారు. కాగితాలు నా చేతికి వచ్చాయి. నా డిగ్రీ మధ్యలో ఆగింది గానీ చదవడం ఆగలేదు. ఇబ్రహీంపట్నం గ్రంథాలయంలో కొసాక్కుల మాట ఎక్కడా లేదు. అక్కడ పోటీ పరీక్షల పుస్తకాలు తప్ప మిగతావన్నీ చెదలకు వదిలేశారు. ఫోన్లోనే వెతికి చదివి ఆమెకు చెప్పాను.

"నాలుగు వందల ఏండ్ల కింది ముచ్చట. ఉక్రెయిన్ దిక్కు ద్నీప్రో అని పెద్ద నది. దొరల కింద వెట్టి చెయ్యలేక పారిపోయినోళ్లు ఆ నది నడుమ దీవులల్ల కోట కట్టుకున్నరు. వాళ్ల నాయకున్ని వాళ్లే ఎన్నుకునేటోళ్లు."

"దొరలు ఊకున్నరా?"

"ఊకోలే. తల మీద గాటు అందుకే. మంచోళ్లని గాదు అక్కా. వీళ్లు గూడ ఊర్లు దోచిండ్రు, మందిని సంపిండ్రు."

"అయితే మొఖంల గది గూడ కనవడాలె" అంది.

మొదటి పని సబ్బు నీళ్లతో కడగడం. అచ్చు లోంచి వచ్చిన నూనె పోకపోతే రంగు పట్టదని కాగితంలో ఉంది. పాత పళ్ల బ్రష్షుతో చంటిపిల్లకు తలంటినట్టు కడిగింది. రెండో పని అచ్చు అతుకు గీత తీయడం. భూతద్దంతో వెతికితే నాకు ఏమీ కనిపించలేదు. ఆమె కళ్లు మూసుకొని గోటితో రాసి, "ఇగో, చెవెనక" అంది. అక్కడ బ్లేడు వీపుతో గీకి, ఎమరీ కాగితాన్ని అగ్గిపుల్లకు చుట్టి రుద్దింది. తర్వాత బొమ్మ అడుగున తీగ గుచ్చి, ఖాళీ దగ్గు మందు సీసా మూతకు నిలబెట్టింది. పని ముగిసేదాకా చేయి తగలాల్సింది సీసాకే, బొమ్మకు కాదు.

మూడో పని ప్రైమర్, అంటే రంగు పట్టడానికి వేసే తొలి పూత. స్ప్రే చేయమని కాగితం. ఆ వాక్యం నేను చదవగానే ఆమె, "తర్వాతది సదువు" అంది. బ్రష్షుతోనే నల్లటి పూత రెండుసార్లు పల్చగా వేసింది. అది ఆరాక, బ్రష్షుకు తెల్ల రంగు అంటించి, గుడ్డకు తుడిచి, దాదాపు పొడిగా ఉన్న బ్రష్షును పైనుంచి కిందికి ఆడించింది. ముక్కు, బుగ్గ ఎముకలు, మీసాల పైభాగం, నెత్తి తెల్లగా లేచాయి. వెలుతురు ఎక్కడ పడుతుందో, నీడ ఎక్కడ ఉంటుందో బొమ్మే చెప్పడం మొదలుపెట్టింది.

తర్వాత కష్టం వచ్చింది. షెడ్డులో ఆమె చేయి అలవాటు పడింది చిక్కటి రంగుకు. పదడుగుల విగ్రహం ముప్పై అడుగుల దూరం నుంచి కనబడాలి. ఈ బొమ్మను మనిషి జానెడు దూరం నుంచి భూతద్దం పెట్టి చూస్తాడు. మొదటి వారం వేసిన మొహాన్ని మూడుసార్లు కడిగేసింది. నాలుగోసారి టిఫిన్ డబ్బా మూతలో తడి గుడ్డ పరిచి, మీద బేకరీ కాగితం వేసి, రంగును దాని మీద నీళ్లతో కలిపింది. అలా చేస్తే రంగు గంటల తరబడి ఎండిపోదు. పాలంత పల్చన చేసి, మొదట కాలిన ఇటుక రంగు, దాని మీద మెల్లగా లేత రంగులు. ముక్కు కొసకు, చెవి తమ్మెలకు కొంచెం ఎరుపు. గీసిన దవడకు నీలం నీడ. ఒక్కో పూత వేసినప్పుడు ఏమీ మారినట్టు ఉండదు. ఆరు పూతల తర్వాత చూస్తే బొమ్మకు చర్మం వచ్చింది.

కోటు ఎరుపు. ఎరుపుకు నల్లతో నీడ వేస్తే ఎరుపు చచ్చిపోతుందని ఆమెకు ఆంజనేయ విగ్రహాల దగ్గరే తెలుసు. వంకాయ రంగులో ఒక బొట్టు ఆకుపచ్చ కలిపి మడతల్లో వేసింది. మెడ చుట్టూ ఉన్న ఉన్నిని నల్లగా వేయమని కాగితం. ఆమె ఒప్పుకోలేదు. "నల్ల గొర్రె నల్లగుండదు. కొసలు ఎండకు ఎర్రగ మాడి ఉంటయ్. గొర్ల నడుమ పెరిగినదాన్ని, నాకు చెప్తడా కాయితపోడు."

కళ్లు మాత్రం ముట్టుకోలేదు. కళ్లు ముందు వేసి తర్వాత మొహం వేయమని కాగితంలో నల్లగీత పెట్టి మరీ ఉంది. కన్ను చెడితే సరిదిద్దుకోవచ్చు, మొహం పాడవదు. నేను రెండుసార్లు చదివి వినిపించాను.

"ముందే పెడితే ఎట్ల? పనైందాక నన్నే సూసుకుంట కూసుంటడు. ఆఖర్లనే పెట్టాలె" అంది. విగ్రహాల షెడ్డులో ఎవరూ ఇంకోలా చేయరు.

మిగిలింది గుండు. ఆ పనిలో ఆమె ఎంత శ్రద్ధ పెట్టిందో చెప్పాలి, ఎందుకంటే అంతా అక్కడే తిరగబడింది. డిసెంబరు మొదటి వారంలో ఆడపడుచు కొడుకు పుట్టెంటికలకు అందరూ యాదగిరిగుట్ట పోయారు. వాళ్లంతా దర్శనం వరుసలో ఉంటే భాగ్యక్క కళ్యాణకట్ట బయట మెట్ల మీద కూర్చొని వచ్చేపోయే తలలను రెండు గంటలు చూసింది. నుదుటి దగ్గర మొహం నలుపు ఆగిపోయి, అక్కడి నుంచి పాలిపోయిన గుండు మొదలయ్యే గీత. వెంట్రుక కుదుళ్ల నుంచి వచ్చే సన్నటి ఆకుపచ్చ, నీలం కలిసిన నీడ. ఇంటికి వచ్చి పది రోజుల్లో దాన్ని దించింది. ఆ గీత ఎంత మెత్తగా వచ్చిందంటే చేత్తో తడిమితే తగులుతుందేమో అనిపించేది. అంత బాగా ఆమె ఎప్పుడూ చేయలేదు.

ప్రదర్శన ఆదివారం. ముందటి బుధవారం కృష్ణారావు గారు చూడటానికి వచ్చారు. భూతద్దం పెట్టి మొహం చూసి, "చాలా బాగుందమ్మా" అన్నారు. కోటు చూసి తల ఊపారు. బొమ్మను పైకి తిప్పి ఆగిపోయారు.

"ఏమైంది సార్?"

"ఏం లేదు. ఈయన ఏ కొండకు మొక్కుకున్నాడమ్మా?"

హన్మంత్ బావ నవ్వాడు. భాగ్యక్క నవ్వలేదు.

"మనం గుండు ఎప్పుడు చేయించుకుంటాం? మొక్కు ఉంటే, లేకపోతే ఇంట్లో ఎవరైనా పోతే. అందుకే మన గుండు తెల్లగా, మొహం నల్లగా ఉంటాయి" అన్నారాయన మెల్లగా. "వీళ్లు మీసం వచ్చిన దగ్గర నుంచి చచ్చేదాకా గీయించుకునేవాళ్లు. ఎండలో, గుర్రాల మీద తిరిగిన మనుషులు. వీళ్లకు తలా మొహమూ ఒకటే రంగమ్మా."

వాళ్లు జీవితాంతం తల గీయించుకునేవాళ్లని ఆమెకు చదివి చెప్పింది నేనే. చదివిన నాకు కూడా గుండు అంటే గుట్టే గుర్తొచ్చింది. ఫోన్లో చదివిన తల మీద ఎండ పడుతుందని నాకు తట్టలేదు.

"పర్వాలేదులే, ఇలాగే పెట్టేద్దాం. ఎంతమంది పట్టుకుంటారు?" అన్నారు కృష్ణారావు గారు.

"మీరు పట్టుకున్నరు గద సార్."

"పోనీ, సికింద్రాబాదులో నాకు తెలిసిన కుర్రాడున్నాడు. స్ప్రేతో పది నిమిషాల్లో..."

స్ప్రే అన్న మాట వినగానే ఆమె బొమ్మను ఆయన చేతిలోంచి తీసుకుంది. "ఆయితారం పొద్దుగాల ఎన్నిగొట్టంగ తేవాలె సార్?"

ఆయన కారు మలుపు తిరిగాక హన్మంత్ బావ అన్నాడు: "సారే పర్వాలేదన్నడు గద. నీకెందుకే ఇంత ఫికర్?"

"పర్వాలేదన్నోళ్లు మల్ల పని ఇయ్యరు."

మొహం రంగే తల మీద పూస్తే సరిపోదా అని నేను అడిగాను. కుండ బోర్లించినట్టుంటదని చెప్పింది. ఎండలో ఏళ్ల తరబడి గీసిన తల ఎట్లా ఉంటుందో చూడకుండా వేస్తే మళ్లీ తప్పే పడుతుంది. ఆలోచించి ఆలోచించి, "జంగా తాత" అంది.

గురువారం పొద్దున్నే మంచాల బస్సు ఎక్కాం. ఆమె ఒళ్లో స్టీలు టిఫిన్ డబ్బా, దానిలో దూది మధ్య కొసాక్కు. జంగా తాత ఆమె పుట్టిన ఊరివాడు. నెత్తిన పుండ్లు లేస్తున్నాయని ముప్పై ఏళ్ల కింద మొదలుపెట్టి, ఇప్పటికీ వారం వారం తనే కత్తితో గుండు గీసుకుంటాడు. రుమాలు కడితే దురద అని ఒట్టి తలతోనే గొర్లు కాస్తాడు. కంది చేను పక్కన బండ మీద దొరికాడు.

"ఎవలు? ఈదమ్మ బిడ్డవా?"

"అవ్ తాత, భాగ్యను."

"ఇటు దారి తప్పినవేందే?"

"నీ గుండు సూడనీకి వచ్చిన."

ఆయన కొంచెంసేపు ఆమె మొహంలోకి చూశాడు. "నా పెండ్లప్పుడు గూడ నన్ను సూడనీకి ఎవలూ గింత దూరం రాలే."

"జర కదలకుండ కూసో తాత."

"నేను కూసుంట. గొర్లు కూసుంటయా? ఆ పిలగాడెవడు?"

"మా పక్కింటి నగేష్. మస్తు సదువుతడు."

"అయితే గొర్లను సదువుమను."

నేను కర్ర పట్టుకొని గొర్ల వెనక పోయాను. అవి నా మాట ఒక్కటీ వినలేదు. తిరిగి వచ్చేసరికి ఆమె డబ్బా మూత మీద రంగులు కలుపుతోంది. నడినెత్తి అన్నిటికంటే ముదురుగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. చెవుల వెనక లేత. మెడ మీద చర్మం ముడత పడ్డ చోట, ముడత పైన నలుపు, లోపల తెలుపు. నుదుటి దగ్గర గీత లేదు. కలిపిన రంగు సరిపోయిందో లేదో చూడాలని ఆమె బ్రష్షుతో తాత తల మీద ఒక చుక్క పెట్టింది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"నాకెయ్యకు, నీ బొమ్మకెయ్యి."

"ఒక్క సుక్కనే తాత. కడుక్కుంటే పోతది."

బొమ్మను చేతిలోకి తీసుకొని తాత అటూ ఇటూ తిప్పాడు. "కండ్లేవి?"

"ఆఖర్ల పెడత."

"మంచిది. లేకుంటే బస్సు పొంటి అందర్ని సూసుకుంట వచ్చెటోడు." వేలితో గాటు దగ్గర ఆగాడు. "ఇది కత్తి దెబ్బ గద. దీన్ని నలుపు చెయ్యకు. మానిన గాటుకు ఎండ పట్టది. నాది సూడు." ఎప్పుడో పొట్టేలు పొడిచిందట. నల్లటి నెత్తి మీద అంగుళం పొడుగు మచ్చ పాలిపోయి మెరుస్తోంది.

తిరుగు బస్సులో ఆమె ఒక్క మాటే మాట్లాడింది. "గాటు మీద ఏం వెయ్యద్దు. ఇప్పుడున్న తెలుపే ఉండాలె."

గురువారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం పొద్దు గూకేదాకా పదకొండు పూతలు వేసింది. పాత రంగును కడగడానికి లేదు, కడిగితే కింద మొహం కూడా పోతుంది. అందుకే టీ నీళ్లంత పల్చటి రంగు, ఒక పూత ఆరాక ఇంకొకటి, గాటును తప్పించి. ఐదో పూత దగ్గర తల మురికి పట్టినట్టు కనబడింది. హన్మంత్ బావ చూసి వ్యాను కడగడానికి పోయాడు. తొమ్మిదో పూతకు నుదుటి గీత మాయమైంది. గుట్ట మెట్ల మీద కూర్చొని నేర్చుకున్నదంతా ఆ పూతల కిందికి పోయింది. మిగిలింది గాటు మాత్రమే, పాత తెలుపుతో.

శనివారం మధ్యాహ్నం కళ్లు. కాంట్రాక్టరు ఆదివారం సాయంత్రానికి మాట చెప్పమన్నాడని హన్మంత్ బావ ఆధార్ కార్డు జిరాక్సులు పట్టుకొని వచ్చాడు.

"కండ్లయినాక మాట్లాడు" అంది.

ఆయన గడప మీద కూర్చున్నాడు. ఆమె అరుగు మీద వెలుతురు వైపు మొహం పెట్టి కూర్చుంది. అసలు ఇబ్బంది దగ్గు. ఎప్పుడు వస్తుందో తెలియదు. ఒక తెర వచ్చి పోయాక ఛాతీ కొంతసేపు ఊరుకుంటుందని మాత్రం ఆమె లెక్కపెట్టి తెలుసుకుంది. పది అంకెలు, ఒక్కోసారి పన్నెండు. ఆ సందులోనే గీత పడాలి. ఆమె దగ్గు కోసం ఎదురుచూసింది. వచ్చింది, పోయింది. ఊపిరి బిగబట్టి పై రెప్ప గీత గీసి, బ్రష్షు పక్కన పెట్టింది. మళ్లీ దగ్గు. మళ్లీ ఒక గీత. కనుగుడ్డుకు ఒట్టి తెలుపు కాదు, వెన్న కాచిన రంగు. కనుపాపకు పొగ రంగు. ఒక్కో సందులో ఒక్క పని. హన్మంత్ బావ కూడా ఊపిరి బిగబడుతున్నాడని రెండో గీత దగ్గర గమనించాను.

ఎడమ కన్ను చుక్క పెట్టేటప్పుడు ఏడో అంకెకే దగ్గు వచ్చింది. బ్రష్షును వెనక్కి లాగింది గానీ చుక్క అప్పటికే పడింది. వెంట్రుక వాసి బయటికి.

"సరిచెయ్యరాదా?" అన్నాను.

ఆమె బొమ్మను చేయి చాచినంత దూరం పెట్టి చూసింది. "వద్దు. దూరం సూస్తుండు. గుర్రం మీద తిరిగెటోడు గట్లనే సూస్తడు."

హన్మంత్ బావ జిరాక్సులు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం వాటి మాట ఎత్తలేదు.

ఆదివారం స్కూలు వ్యానులోనే పోయాం. చల్లటి హాలు, తెల్ల గుడ్డ పరిచిన బల్లలు. ఒక్కో బొమ్మ ముందూ దాని యజమాని పేరు రాసిన కార్డు. రంగు వేసినవాళ్ల పేరు ఏ కార్డు మీదా లేదు. విగ్రహాల షెడ్డుకూ ఏసీ హాలుకూ ఈ ఒక్క విషయంలో తేడా లేదు. చాలామంది కొసాక్కు దగ్గర ఆగి, మీసాలు చూసి, ఫొటో తీసుకొని పోయారు. భాగ్యక్క గోడకు ఆనుకొని నిలబడి ఒక్కొక్కళ్లూ పోవడం చూస్తోంది. పదకొండయింది, పన్నెండయింది. పని అడిగినవాళ్లు లేరు. కృష్ణారావు గారు రెండుసార్లు వచ్చి టీ తాగమన్నారు.

భోజనాల ముందు ఒక పొడుగాటి ముసలాయన వచ్చాడు. పేరు రాంచంద్ర, పటాలంలో పనిచేసి వచ్చిన మనిషి. భూతద్దం తీసి మొహం చూడకుండా నేరుగా తల చూశాడు. చెవి వెనక చూశాడు. గాటు చూశాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"ఎవరేసిండ్రు ఇది?"

కృష్ణారావు గారు ఆమెను చూపించారు.

"స్ప్రేనా అమ్మా?"

"కాదు సార్. బ్రష్షే."

"చెవెనక లేతగుంటదని నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవ్వలు చెప్పలే. సూసి వచ్చిన."

ఆయన నడుము నిలబెట్టాడు. "ఎడమ కన్ను జర పక్కకు పోయింది."

"పోయింది సార్" అంది.

"నా దగ్గర తొమ్మిది బొమ్మలున్నయ్. నెలకు మూడు చేస్తవా?"

"ఒకటి."

"రెండు?"

"ఒకటే సార్. తొందర పెడితే గిట్ల రాదు."

కృష్ణారావు గారు చేతి రుమాలుతో మొహం తుడుచుకున్నారు. ఏడాది పొడుగునా పని కావాలని వచ్చిన మనిషి వచ్చిన పనిని సగానికి, సగానికి కోస్తోంది. రాంచంద్ర మళ్లీ వంగి తల చూశాడు.

"సరే, ఒకటే. మొదటిది బుధవారం పంపుత" అన్నాడు.

వ్యాను సాగర్ రోడ్డు ఎక్కాక హన్మంత్ బావ అద్దంలో ఆమె వైపు చూశాడు. "కాంట్రాక్టరు పొద్దటి సంది నాలుగుసార్లు ఫోన్ కొట్టిండు. ఏం చెప్పాలె?"

"నువ్వు చెప్పుడెందుకు, ఫోనియ్యి."

ఆయన ఒక చేత్తో ఫోన్ వెనక్కి అందించాడు. ఆమె నెంబరు కలిపింది. అవతల ఎత్తే లోపల దగ్గు వచ్చింది. అది పూర్తిగా పోయేదాకా ఆగి, తర్వాత మాట్లాడింది.

"అన్నా, హన్మంత్ భార్యను, భాగ్యను. రేపొచ్చే నెల మీ దగ్గరికి రాను. నాకు పనున్నది."

అవతల అతను ఏం పని అని అడిగినట్టున్నాడు.

"రంగుల పని" అని చెప్పి ఫోన్ ముందుకు ఇచ్చింది.